బడి దారికి బాధ్యులెవరు?

2014 జులై 24 ఉదయం మెదక్‌ జిల్లా మాసాయిపేట దగ్గర కాపలా లేని రైల్వే గేటు దాటుతున్న బడి బస్సును నాందేడ్‌–సికింద్రాబాద్‌ ప్యాసింజర్‌ రైలు ఢీకొట్టింది. తూప్రాన్‌లోని బడికి బయల్దేరిన పసిపిల్లలు డజను మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. తెలంగాణ రాష్ట్రం ఏర్పడి అప్పటికి రెండు నెలలు కూడా నిండలేదు. శవాలు ఇళ్లకు చేరకముందే మాటలు మొదలయ్యాయి. రోజూ వచ్చే డ్రైవరు ఆ రోజు రాలేదట, వచ్చినవాడు దారికి కొత్తట, ఫోన్‌ మాట్లాడుతున్నాడట. ఆ డ్రైవరూ ప్రమాదంలోనే పోయాడు కాబట్టి జవాబు చెప్పుకొనే అవకాశం అతనికి లేకపోయింది. అక్కడ గేటు పెట్టమని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ముందే మొత్తుకున్న సంగతి మాత్రం వెనక్కి పోయింది.

ఆ తర్వాత జరిగినదాన్ని మనం అంతగా పట్టించుకోలేదు. 2019 జనవరి ఆఖరుకల్లా బ్రాడ్‌గేజ్‌ మార్గాల మీద కాపలా లేని గేట్లన్నింటినీ రైల్వే శాఖ తొలగించింది. కొన్నిచోట్ల పట్టాల కింద నుంచి దారి వేశారు, కొన్నిచోట్ల మనిషిని పెట్టారు, రాకపోకలు లేనిచోట్ల మూసేశారు. ఆ పనికి ఊపు రావడానికి 2018 ఏప్రిల్‌లో ఉత్తరప్రదేశ్‌లోని కుశీనగర్‌ దగ్గర మరో 13 మంది పిల్లలు పోవాల్సి వచ్చింది. అయినా పని జరిగింది. కాపలా లేని గేటు దగ్గర బడి బస్సును రైలు గుద్దిందన్న వార్త ఆ తర్వాత ఆగిపోయింది. 2025 జులైలో తమిళనాడులోని కడలూరు దగ్గర బడి వ్యానును రైలు ఢీకొట్టి ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. అక్కడ కాపలా ఉంది గానీ, గేటు పడితే తప్ప రైలుకు సిగ్నల్‌ ఇవ్వనివ్వని ఇంటర్‌లాకింగ్‌ లేదు. అంటే లోపం ఎక్కడ మిగిలి ఉందో కూడా తెలిసిపోయింది.

మాసాయిపేట తర్వాతి ఆ నాలుగైదేళ్లలో మన డ్రైవర్లంతా ఒక్కసారిగా జాగ్రత్తపరులైపోలేదు. పిల్లలు రైలు కూత విని ఆగడం కొత్తగా నేర్చుకోలేదు. ఏ గేటు ఏ డివిజన్‌ కిందికి వస్తుందో, అక్కడ ప్రాణం పోతే ఎవరు సంజాయిషీ చెప్పుకోవాలో రైల్వేలో రాసి ఉంటుంది. అందుకే ఆ పని ముందుకు కదిలింది. రోడ్డు మీద ఆ రాత లేదు. బడి ముందు పిల్ల చనిపోతే డ్రైవరును అరెస్టు చేస్తారు, ఎక్స్‌గ్రేషియా ప్రకటిస్తారు, రాస్తారోకో చేసినవాళ్లకు నచ్చజెప్పి పంపేస్తారు. ఆ రోడ్డు మాత్రం మర్నాడు ఎనిమిదిన్నరకు పాత రోడ్డుగానే ఉంటుంది.

లెక్కలు చూద్దాం. కేంద్ర రహదారి రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలు 1,68,491 మందిని బలి తీసుకున్నాయి. వారిలో పద్దెనిమిదేళ్లు నిండనివారు 9,528 మంది. సగటున రోజుకు 26 మంది. కొవిడ్‌ వల్ల చాలా నెలలు బడులు మూతపడ్డ 2021లో ఆ సంఖ్య 7,764. ఒక్క ఏడాదిలో దేశం మొత్తం మీద రోడ్డు మరణాలు తొమ్మిది శాతం చిల్లర పెరిగితే పిల్లల మరణాలు 22 శాతానికి పైగా పెరిగాయి. ఆ ఏడాదే బడులు పూర్తిగా తెరుచుకున్నాయి. కొవిడ్‌కు ముందు 2019లో అయితే 11,168 మంది. అంటే మన పిల్లల్ని రోడ్డు పొట్టన పెట్టుకోవడానికీ, వాళ్లు రోజూ బడికి వెళ్లిరావడానికీ సంబంధం ఉందని అనుమానించడానికి గట్టి ఆధారమే ఉంది.

అనుమానం అనే ఎందుకనాల్సి వస్తోందంటే, ఆ నివేదికలో పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లందరినీ ఒకే గడిలో పడేశారు. తండ్రి బండి ట్యాంకు మీద కూర్చున్న నాలుగేళ్ల బిడ్డ, బడి బస్సు దిగి దాటుతున్న ఎనిమిదేళ్ల పిల్ల, లైసెన్సు లేకుండా స్కూటీ నడిపిన పదిహేడేళ్ల కుర్రాడు అందరూ అక్కడ ఒకే అంకె. ఈ ముగ్గురినీ కాపాడే దారులు వేర్వేరు. 2021 నుంచి పోలీసులు ప్రతి ప్రమాదం వివరాలనూ ఐరాడ్‌ అనే మొబైల్‌ యాప్‌లో ఎక్కిస్తున్నారు. వయసు, సమయం, చోటు అన్నీ అందులోకి వెళ్తున్నాయి. ఉదయం ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా, సాయంత్రం మూడున్నర నుంచి అయిదున్నర దాకా మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఏయే బడుల చుట్టూ పిల్లలు దెబ్బలు తింటున్నారో ఒక్క పూటలో తీయగలిగిన సమాచారం అది. దాన్ని జిల్లాలవారీగా జనం ముందు పెట్టడానికి ఇబ్బందేమిటి?

పోలియో రోజులు గుర్తుచేసుకోండి. పదిహేనేళ్ల లోపు బిడ్డకు ఎక్కడ హఠాత్తుగా కాలో చెయ్యో చచ్చుబడినా, సమాచారం అందిన 48 గంటల్లో వైద్య బృందం ఆ ఇంటికి వెళ్లాలన్నది నియమం. అది పోలియో అవునా కాదా అన్నది తర్వాతి మాట. ముందు ప్రతి కేసునూ విడిగా చూడాలి. దేశంలో సహజ (వైల్డ్‌) వైరస్‌ వల్ల ఆఖరి పోలియో కేసు 2011 జనవరిలో వచ్చింది. టీకా ఒక్కదానితోనే అది సాధ్యమయ్యేది కాదు, ఆ వెంటపడటం కూడా దానికి తోడైంది. రోడ్డు మీద చనిపోయిన బిడ్డ విషయంలో అలా వెంటపడే బృందం లేదు. పంచనామా ఉంటుంది, పోస్టుమార్టం ఉంటుంది, ఎఫ్‌ఐఆర్‌ ఉంటుంది. ఆ మూడూ నేరం కోసమే. ఇక్కడ రేపు మరో బిడ్డ చావకుండా ఏం మార్చాలన్న ప్రశ్న ఆ కాగితాల్లో ఎక్కడా ఉండదు.

జాతీయ రహదారి పక్కన ఉన్న ఏ ఊళ్లోనైనా ఉదయం ఎనిమిదిన్నరకు నిలబడి చూడండి. నాలుగు వరసల రోడ్డు ఊరిని రెండుగా చీల్చేసింది. ఇళ్లు ఒకవైపు, హైస్కూలు మరోవైపు. అండర్‌పాస్‌ ఉంటుంది, కానీ అది అరకిలోమీటరు అవతల, వానాకాలం మోకాలి లోతు నీళ్లతో. అందుకని డివైడర్‌ మీద మొక్కల మధ్య జనం కాలిబాట వేసుకున్నారు. అయిదో తరగతి పిల్ల తమ్ముడి మణికట్టు పట్టుకుని ఆ మొక్కల్లో నిలబడి ఉంటుంది. దూరంగా లారీ కనిపిస్తుంది. అది ఎంత దూరంలో ఉందో, ఎంత వేగంతో వస్తోందో, ఆలోపు తాము దాటగలరో లేదో ఆ పిల్ల లెక్కగట్టుకోవాలి. వేగాన్ని, దూరాన్ని కలిపి అంచనా వేసే శక్తి ఆ వయసుకు ఇంకా పూర్తిగా రాదు. ఎన్ని సుద్దులు చెప్పినా రాదు, అది ఎదుగుదలకు సంబంధించినది. పైగా రోడ్డు పక్కన ఆగిన కారు వెనక నుంచి పిల్ల డ్రైవరుకు కనపడదు, పిల్లకు రోడ్డు కనపడదు. రోడ్డు భద్రతా మాసోత్సవాల్లో ప్లకార్డులు పట్టించి ఊరేగించేది మళ్లీ ఈ పిల్లలనే. తమను తాము కాపాడుకోవాల్సిన బరువు వాళ్ల నెత్తినే పెట్టడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2022లో మూడు, నాలుగు, అయిదు తరగతులను హైస్కూళ్లలో కలిపినప్పుడు చాలా ఊళ్లలో తల్లిదండ్రులు బడులకు తాళాలు వేసి కూర్చున్నారు. వాళ్ల గోడు దూరం ఒక్కటే కాదు, ఆ దూరం మధ్యలో పడుకున్న రోడ్డు కూడా. ఎనిమిదేళ్ల బిడ్డ హైవే ఎలా దాటుతుందని వాళ్లు అడిగారు. ఆ ఉత్తర్వు తర్వాత వెనక్కి పోయింది. కానీ ఒక బడిని మార్చేటప్పుడు, మూసేటప్పుడు, కొత్తది కట్టేటప్పుడు దారి సంగతి ఎవరు చూడాలన్నది నేటికీ తేలలేదు. విద్యాశాఖ రోడ్డు తనది కాదంటుంది, రోడ్డు వేసిన సంస్థ బడి తన నక్షాలో లేదంటుంది.

బడి బస్సులకు మనకు నిబంధనలున్నాయి, అవి ఒక దుఃఖంలోంచి పుట్టాయి. 1997 నవంబరు 18న ఢిల్లీలో వజీరాబాద్‌ వంతెన మీద నుంచి బడి బస్సు యమునలో పడి 28 మంది పిల్లలు చనిపోయారు. వెంటనే సుప్రీంకోర్టు, అప్పటికే నడుస్తున్న ఎం.సి.మెహతా కేసులో ఆదేశాలిచ్చింది. పసుపు రంగు, కిటికీలకు కడ్డీలు, ప్రథమ చికిత్స పెట్టె, మంటలార్పే సిలిండరు, అయిదేళ్ల అనుభవమున్న డ్రైవరు, గంటకు 40 కిలోమీటర్లు దాటనివ్వని స్పీడ్‌ గవర్నర్‌. ఏటా జూన్‌లో బడులు తెరిచే వారంలో రవాణా శాఖ తనిఖీలు చేసి, ఫిట్‌నెస్‌ లేని బస్సుల్ని సీజ్‌ చేసి, ఫొటోలు విడుదల చేస్తుంది. ఆగస్టు వచ్చేసరికి ఆ వేడి చల్లారుతుంది. అయినా బస్సుకు నిబంధన అంటూ ఒకటుంది, బ్రేకు ఇన్‌స్పెక్టర్‌ ఒకరున్నారు. ఆటోలో వెళ్లే పిల్లకు ఆ మాత్రం కూడా లేదు. ముగ్గురు కూర్చోవాల్సిన సీటులో అయిదుగురు, ఎదురుగా అడ్డంగా వేసిన చెక్క మీద నలుగురు, డ్రైవరు సీటుకు అటొకరు ఇటొకరు, పక్కన కొక్కేలకు వేలాడే పుస్తకాల సంచులు. ఆటో ఒరిగితే ముందు రోడ్డును తాకేది అంచున కూర్చున్న పిల్లే. ఆ డ్రైవరును తిట్టి ఊరుకోవడం తేలిక. నెలకు వెయ్యీ పన్నెండొందలకు పిల్లను దింపి తీసుకురమ్మంటే పది మందిని ఎక్కించుకోకుండా అతనికి డీజిల్‌ ఖర్చు కూడా గిట్టదు. బడి బస్సు ఫీజు కట్టలేని ఇంటికి అంతకుమించి దారి లేదు. బడికి పోయే దారిలో కూడా పేదపిల్లకు ప్రమాదం పాలు ఎక్కువ.

బస్సు లోపల భద్రంగా ఉన్న పిల్లను బస్సే చంపిన సందర్భాలూ తక్కువేం కాదు. ఇంటి ముందు దిగిన ఎల్‌కేజీ పిల్ల బస్సు ముందు నుంచి అవతలికి పరుగెడుతుంది. ఎత్తయిన సీటులో ఉన్న డ్రైవరుకు బంపరు ముందు మూడడుగుల పిల్ల కనపడదు. లేదా బడి ఆవరణలోనే బస్సు వెనక్కి వస్తూ తొక్కేస్తుంది. ఇలాంటి వార్త ఏటా ఎక్కడో ఒకచోట మన పత్రికల్లో వస్తూనే ఉంది. దీన్ని ఆపడానికి పెద్ద ఖర్చేమీ లేదు. ఆయా దిగి పిల్లను రోడ్డు అవతల పెద్దవాళ్ల చేతికి అప్పగించి, మళ్లీ ఎక్కి, తలుపు మీద చరిచాకే బస్సు కదలాలి. ఆవరణలో పిల్లలుండగా బస్సు రివర్సు చేయకూడదు. ఆయాను మానిపించి నెలకు ఎనిమిది పది వేలు మిగుల్చుకునే యాజమాన్యం ఏం మిగుల్చుకుంటోందో దానికి తెలియాలి.

ఇక ఇంటి సంగతి. మోటారు సైకిలు మీద తండ్రి తలకు హెల్మెట్‌ ఉంటుంది, ముందు చలానా భయం ఉంది కాబట్టి. ట్యాంకు మీద కూర్చున్న బిడ్డ తలకు ఏమీ ఉండదు. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం నాలుగేళ్లు దాటిన ప్రతివారికీ హెల్మెట్‌ తప్పనిసరి చేసింది. నాలుగేళ్ల లోపు పిల్లలను తీసుకెళ్తే తలకు హెల్మెట్‌, నడిపేవారికి కట్టే సేఫ్టీ బెల్టు ఉండాలనీ, బండి 40 కిలోమీటర్ల వేగం దాటకూడదనీ 2022లో కేంద్రం నిబంధన తెచ్చింది. అది 2023 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది. చిన్న సైజు హెల్మెట్లు మండల కేంద్రాల్లో దొరికే దుకాణాలు ఎన్ని? కారులో అయితే ముందు సీట్లో తల్లి ఒళ్లో బిడ్డ. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు దేన్నైనా గుద్ది ఆగిపోతే పది కిలోల బిడ్డ ఆ క్షణంలో రెండు మూడు వందల కిలోల బరువుతో ముందుకు దూసుకుపోతుంది. ఏ తల్లి చేతులూ ఆ బరువును ఆపలేవు. పద్నాలుగేళ్ల లోపు పిల్లకు బెల్టు గానీ చైల్డ్‌ సీటు గానీ లేకుండా నడిపితే వెయ్యి రూపాయల జరిమానా అని 194బి సెక్షన్‌ చెబుతోంది. మైనరుకు బండి ఇస్తే తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి మూడేళ్ల జైలు, పాతిక వేల జరిమానా అని 199ఎ చెబుతోంది. చట్టాలకు లోటేమీ లేదు.

బతికి బయటపడ్డ పిల్లల గురించి మనం మాట్లాడేది మరీ తక్కువ. ఇరవై కిలోల పిల్ల ఒంట్లో ఉండే నెత్తురు లీటరున్నర చిల్లర. పెద్దవాళ్లకు పెద్దగా లెక్కలోకి రాని అరలీటరు నష్టం ఆమెకు మూడో వంతు నెత్తురు. పసి ఎముకలు వంగుతాయి కాబట్టి పక్కటెముక విరగకుండానే లోపల ఊపిరితిత్తి, కాలేయం, ప్లీహం చితికిపోవచ్చు. బీపీ చివరి నిమిషం దాకా నిలబడి హఠాత్తుగా పడిపోతుంది. "మాట్లాడుతోంది కదా, ఏం కాలేదు" అని ఇంటికి తీసుకెళ్లిన పిల్ల గంటలో చల్లబడిపోయేది ఇందుకే. 2005 ఆగస్టు 15న మొదలైన 108 అంబులెన్సు మన రాష్ట్రాల్లో ఎన్నో ప్రాణాలు నిలిపింది. కానీ మండల ఆసుపత్రి నుంచి జిల్లాకు, జిల్లా నుంచి హైదరాబాద్‌కో విశాఖకో రెఫర్‌ చేసుకుంటూ పోయే గంటలు పసిప్రాణం తట్టుకోలేనివి. 2025 మేలో కేంద్రం తెచ్చిన పథకం కింద ప్రమాద బాధితులకు ఏడు రోజుల దాకా, లక్షన్నర రూపాయల వరకు నగదు లేకుండా చికిత్స ఉంది. మంచిదే. అయితే ఎముక పెరిగే చోట దెబ్బ తగిలిన పిల్లకు ఒక కాలు ఏటేటా పొట్టిదవుతుంది. కాలు తీసేసిన పిల్లకు కృత్రిమ కాలు ఎదుగుదలతో పాటు మారుస్తూ ఉండాలి. ఎనిమిదో రోజు నుంచి పదేళ్ల పాటు ఆ ఖర్చు ఎవరిది? ఆమెను బడికి మోసుకెళ్లేదెవరు?

కోర్టుల్లో ఈ పిల్లల విలువ కట్టిన తీరు చూస్తే మనసు చివుక్కుమంటుంది. సంపాదన లేనివారికి ఏడాదికి 15,000 రూపాయల ఊహాత్మక ఆదాయం అని 1994లో మోటారు వాహనాల చట్టం షెడ్యూలులో రాశారు. దశాబ్దాలు గడిచినా ఆ అంకె మారలేదు. చనిపోయిన బిడ్డకు పరిహారం లెక్కగట్టేటప్పుడు ట్రిబ్యునళ్లు దాన్నే పట్టుకున్నాయి. 2021లో ఏడేళ్ల బాలుడి కేసులో సుప్రీంకోర్టు దాన్ని 25,000 చేసింది. చివరికి 2025లో, పిల్లలను సంపాదన లేనివారిగా చూడటమే తప్పని, ఆ రాష్ట్రంలో నైపుణ్యమున్న కార్మికుడి కనీస వేతనాన్ని లెక్కలోకి తీసుకోవాలని చెప్పింది. ఇది పెద్ద మార్పు. కానీ కాలం మాటేమిటి? 2009లో ఏడేళ్ల వయసులో కారు గుద్ది జీవితాంతం కోలుకోలేని దెబ్బ తిన్న పాపకు సుప్రీంకోర్టు పరిహారం 11 లక్షల చిల్లర నుంచి 50 లక్షల చిల్లరకు పెంచింది 2024 డిసెంబరులో. పదిహేనేళ్లు. ఫిజియోథెరపీతో ఆ శరీరం ఎంతో కొంత కోలుకోగల సంవత్సరాలన్నీ వాయిదాల్లోనే పోయాయి.

మార్పు సాధ్యమేనా అని అడిగేవారికి నెదర్లాండ్స్‌ ఉంది. 1971లో ఆ చిన్న దేశంలో నాలుగు వందలకు పైగా పిల్లలు రోడ్ల మీద చనిపోయారు. బిడ్డను పోగొట్టుకున్న ఒక పాత్రికేయుడు "బాలహత్యలు ఆపండి" అని పత్రికలో రాశాడు. తల్లిదండ్రులు వీధుల్లో కూర్చున్నారు. ప్రభుత్వం కదిలి, ఇళ్లున్న వీధుల్లో కారు నడక వేగానికి తగ్గేలా రోడ్లనే తిరిగి కట్టింది. ఆ సంఖ్య తర్వాత పదుల్లోకి దిగింది. నార్వేలో 2019లో పదహారేళ్ల లోపు బిడ్డ ఒక్కరు కూడా రోడ్డు ప్రమాదంలో చనిపోలేదు. వాళ్లకు డబ్బుందని కొట్టిపారేయకండి. బడి ముందు రోడ్డును అరడుగు ఎత్తు చేసి దాని మీద జీబ్రా గీతలు వేయడానికి ఫ్లైఓవరు డబ్బు అక్కర్లేదు. వాహనాలు, మనుషులు కలిసి తిరిగే చోట 30 కిలోమీటర్ల వేగం దాటకూడదని 2020లో స్టాక్‌హోమ్‌లో ప్రపంచ దేశాలు చేసిన ప్రకటన చెబుతోంది. 30 మీద గుద్దిన బండికంటే 50 మీద గుద్దిన బండి దెబ్బలో శక్తి దాదాపు మూడింతలు. పిల్లలను మోసే బస్సుకు 40 పరిమితి పెట్టి, ఆ పిల్లలు దిగి నడిచే బడి గేటు ముందు నుంచి టిప్పర్లను 80లో పోనివ్వడంలో ఏ తర్కమూ లేదు.

ఈ పనులు చేయించగల వేదిక చట్టంలోనే ఉంది. 215వ సెక్షన్‌ కింద ప్రతి జిల్లాకూ రోడ్డు భద్రతా కమిటీ, దానికి కలెక్టరు అధ్యక్షులు. పోలీసు, రవాణా, ఆర్‌అండ్‌బీ, వైద్య శాఖలన్నీ అందులో ఉంటాయి. రోడ్డు నిర్మాణంలో లోపం వల్ల ప్రాణం పోతే కాంట్రాక్టరును, ఇంజినీరింగ్‌ సలహాదారును, రోడ్డు సంస్థను బాధ్యులను చేసే 198ఎ సెక్షన్‌ కూడా 2019లో వచ్చింది. గరిష్ఠ జరిమానా లక్ష రూపాయలే అయినా అది ఒక గుర్తింపు. పిల్లల మరణాల మీద నేను చదివిన వార్తల్లో డ్రైవరు అరెస్టు ఎప్పుడూ ఉంది, ఆ సెక్షన్‌ మాట ఎక్కడా కనపడలేదు.

కాబట్టి రెండు రాష్ట్రాల ప్రభుత్వాలను అడగాల్సింది ఒక్కటే. ప్రతి బడి గేటుకూ అటు ఇటు అయిదు వందల మీటర్ల దారికి ఒక అధికారి పేరు రాయండి, ఆ పేరు బడి గోడ మీద పెయింటుతో వేయించండి. అక్కడ వేగం, గీతలు, దాటే చోటు, ఆటోలు ఆగే చోటు ఆ పేరున్న మనిషి పూచీ. అక్కడ బిడ్డకు ప్రాణం పోయినా, కాలు విరిగినా, వారంలోగా కలెక్టరు కమిటీ ఆ చోటికి వెళ్లి చూసి, ఏం మార్చబోతున్నదీ ఎప్పటికి మారుస్తుందీ రాతపూర్వకంగా ఊరికి చెప్పాలి. తల్లిదండ్రులకూ ఒక మాట. వచ్చే పేరెంట్స్‌ మీటింగులో మార్కుల కంటే ముందు బస్సు ఫిట్‌నెస్‌ కాగితం, డ్రైవరు లైసెన్సు, ఆయా పేరు అడగండి. బిడ్డ తలకు సరిపోయే హెల్మెట్‌ ఈ వారమే కొనండి. ప్రభుత్వ బడి అయితే ముందున్న రోడ్డు ఎవరిదని కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణిలోనో, గ్రీవెన్సులోనో అర్జీ పెట్టి రసీదు తీసుకోండి. జవాబు వచ్చేదాకా ప్రతి సోమవారం వెళ్లండి.